రేపు పరీక్ష

"ఇది మీ గురించే కదండీ?" అంది మా ఆవిడ, నా పుస్తకంలో ఒక లైను మీద వేలు పెట్టి. నిద్రలో ఉలిక్కిపడి లేవడం, చిన్న శబ్దానికే ఒళ్లు బిగుసుకుపోవడం. నాకు నోట మాట రాలేదు.

పదిహేడేళ్లు ఆర్మీలో. తర్వాత ఏటీఎం దగ్గర గార్డు, కొన్నాళ్లు ఆటో. ఇప్పుడు నలభై ఆరేళ్లకు ఇగ్నోలో ఎమ్మే సైకాలజీ. రేపు పరీక్ష.

1915లో చార్లెస్ మయర్స్ అనే డాక్టర్ సైనికుల్లో కనిపించే ఈ స్థితిని 'షెల్ షాక్' అని రాశాడు. అప్పట్లో ఎంతోమంది సైనికుల్ని పిరికివాళ్లన్నారు. పీటీఎస్‌డీ, అంటే భయంకరమైన అనుభవం తర్వాత మనసులో మిగిలిపోయే గాయం, అనే పేరు 1980లో గానీ అమెరికన్ సైకియాట్రిస్టుల పుస్తకంలోకి ఎక్కలేదు. ఈ ముక్క చదువుతుంటే కళ్లు తడిశాయి. మనూళ్లో దీన్ని ఇప్పటికీ "మిలటరీ కోపం" అనే అంటారు. దీపావళి రాత్రి నేను తలుపులు బిగించుకుని కూర్చుంటే పిల్లలు ఏమనుకున్నారో ఏమో, ఎప్పుడూ అడగలేదు.

సాయంత్రం మా యూనిట్ వాడొకడికి ఫోన్ చేశాను. రెండేళ్లుగా ఎవరితోనూ మాట్లాడట్లేదు వాడు. చాలాసేపు మౌనం.

"నిద్ర పడుతోందారా?" అన్నాను.

"లేదురా."

"పరీక్షలు అవగానే వస్తా."

"రా" అన్నాడు.