ఏం పని చేశావని ఎవరూ అడగలేదు

మా మేనమామ ఇరవై ఏళ్ల వయసులో పులివెందుల దగ్గరి రాతినార (ఆస్‌బెస్టాస్) గనిలో కూలికి కుదిరి, తొమ్మిదేళ్లపాటు సుత్తితో రాయి పగలగొట్టి నార వేరుచేశారు. వేంపల్లె డోలమైటు అనే, సున్నపురాయిలాంటి రాతి పొరల్లోకి డోలరైటు అనే నల్లరాయి కరిగిన స్థితిలో చొరబడిన చోట ఏర్పడిన క్రైసోటైల్ రకం రాతినార అది, తెల్లగా పట్టుదారంలా ఉంటుంది. గని మానేసి సేద్యం చేసుకుంటూ ముప్పై ఏళ్లు గడిచాక ఆయనకు ఆయాసం మొదలైంది. చూపించిన మొదటి చోట క్షయ అన్నారు. కళ్లెలో క్రిమి కనబడకపోయినా ఆరు నెలలు మందులు మింగించారు. పూర్వం ఏం పని చేసేవాడివని మాత్రం అడగలేదు, ఆ దుమ్ముకూ ఈ ఆయాసానికీ సంబంధం ఉంటుందని మాకూ తోచలేదు. ఆ ఒక్క ప్రశ్న మొదటిరోజే అడిగి ఉంటే ఆయనకు ఆ ఆరు నెలల అవస్థ తప్పేదని ఇప్పటికీ బాధపడుతుంటాను.

క్షయ ఎక్కువగా ఊపిరితిత్తుల పైభాగాన్ని పట్టుకుంటుంది. రాతినార దుమ్ము వల్ల ఊపిరితిత్తుల్లో పడే మచ్చలు (ఈ జబ్బునే ఆస్‌బెస్టాసిస్ అంటారు) మాత్రం అడుగుభాగంలో, అంచుల వెంబడి మొదలవుతాయి. కడపలో చివరకు చూసిన వైద్యుడు వీపు కింది భాగాన స్టెతస్కోపు పెట్టి, గట్టిగా ఊపిరి పీల్చమని, పీల్పు ముగిసే సమయంలో నిప్పులో ఉప్పు పడినట్టు చిటపటమనే శబ్దాన్ని గుర్తించారు. ఎక్స్‌రేలో తొలిదశ మచ్చలు కనబడకపోవచ్చు. కనబడినా, అంతర్జాతీయ కార్మిక సంస్థ రూపొందించిన ప్రామాణిక ఫిల్ములతో పక్కపక్కన పెట్టి పోల్చగల అనుభవం చూసేవారికి ఉండాలి. గొట్టంలోకి ఊదించే పరీక్షలో ఆయన ఊపిరితిత్తుల్లో పట్టే గాలి తగ్గినట్టు తేలింది, కానీ అందులో మొదటి సెకనులో బయటికి వచ్చే గాలి వాటా మామూలుగానే ఉంది, ఉబ్బసంలో అయితే తగ్గేది ఆ వాటాయే. రక్తంలోకి వాయువు ఎంత చేరుతోందో చూసే పరీక్ష ఇంకా ముందే తేడాను పట్టగలదు. ఆ తరువాత బోర్లా పడుకోబెట్టి స్కాన్ తీశారు. వెల్లకిలా పడుకున్నప్పుడు వీపువైపు ఊపిరితిత్తి తన బరువుకే కాస్త అణిగి మచ్చలాగా భ్రమ కలిగిస్తుంది, బోర్లా తీస్తే ఆ నీడ పోయి నిజమైన మచ్చ మాత్రమే మిగులుతుంది. ఊపిరితిత్తుల కిందుండే కండర పొర అయిన ఉదరవితానం మీద గట్టిపడిన పొర కూడా కనబడింది. అలాంటి పొర జబ్బు కాకపోయినా, ఒకప్పుడు రాతినార దుమ్ము పీల్చారనడానికి ఆనవాలు.

గనిలో ఉన్నంతకాలం అయిదేళ్లకొకసారి వైద్యపరీక్ష చేయించాలని నిబంధన ఉండేది, కానీ ఈ జబ్బు తలెత్తేది మానేసిన ఎన్నో ఏళ్లకు. అందుకే 1995లో సుప్రీంకోర్టు, రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది తరువాత ముగిస్తే అంతవరకు దాచాలని ఆదేశించింది. మా మామ విషయంలో అలాంటి కాగితం ఒక్కటీ దొరకలేదు. ఆయన గనిలో పని చేశారని మస్టరులో పేరున్న తోటి కూలీల చేత రాయించుకున్నాం.

పట్టిన మచ్చ పోదు. బీడీ మానడం మాత్రం ఎంతో అవసరం, ఎందుకంటే రాతినారకు పొగ తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. మామ మానేశారు. ఆయనతో పనిచేసినవారిలో మా ఊళ్లో ఇంకా ఇద్దరున్నారు, ఇద్దరికీ ఆయాసమే. ఏయే ఏళ్లలో ఏ పని చేశారో కాగితం మీద రాసి, వచ్చే సోమవారం వాళ్లను కడపకు తీసుకెళ్తున్నాను.