లావా ల్యాంప్ అడుగున ఆ తీగ చుట్ట ఎందుకుంటుంది?

లావా ల్యాంప్ అంటే గాజు సీసాలో రంగు ముద్దలు మెల్లగా పైకీ కిందకీ తేలుతూ ఉండే అలంకార దీపం. ఆ ముద్దలు నూనె అనుకుంటారు చాలామంది, కాదండీ, మైనం. పారఫిన్ వ్యాక్స్ అన్నమాట, దాని చుట్టూ రంగు నీళ్లు. మరి మామూలు మైనం నీళ్లలో వేస్తే ఎప్పుడూ పైనే తేలుతుంది కదా, ఇది అడుగున ఎలా కూర్చుంటుంది? అందుకే బరువైన కెమికల్ ఏదో ఒకటి అందులో కలిపి, చల్లగా ఉన్నప్పుడు నీళ్లకంటే ఒక్క పిసరు బరువుండేలా చేస్తారు. పాతవాటిల్లో కార్బన్ టెట్రాక్లోరైడ్ వాడేవాళ్లు, అది లివర్‌ని పాడుచేసే విషం, తర్వాత మానేశారు.

కింద బల్బు వేడికి మైనం కరిగి ఉబ్బుతుంది, నీళ్లకంటే ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి తేలికై పైకి లేస్తుంది, పైకెళ్లాక వేడి తగ్గి కుంచించుకుని మళ్లీ కిందకి. ఇంతవరకు అందరూ చెప్పేదే. నాకు నచ్చింది మాత్రం అడుగున ఉండే ఆ తీగ చుట్ట. కిందకి దిగిన మైనం ముద్ద అడుగున ఉన్నదాంట్లో వెంటనే కలవదు, సర్ఫేస్ టెన్షన్ (ద్రవం పైపొరలో ఉండే బిగుతు) వల్ల దేనికది ఉండలా విడిగా ఉండిపోతుంది. వేడెక్కిన ఆ తీగకి తగలగానే పైపొర తెగి అన్నీ ఒకటైపోతాయి. ఆ తీగ పక్కకి జరిగినా, మైనంలో చిక్కుకుని పైకి తేలినా అడుగంతా చిన్న చిన్న ఉండలే మిగులుతాయి.

దీన్ని 1963లో ఇంగ్లాండ్‌లో ఎడ్వర్డ్ క్రేవెన్ వాకర్ మార్కెట్‌లోకి తెచ్చాడు, ఒక పబ్‌లో గుడ్లు ఉడికే టైమ్ చూడ్డానికి పెట్టిన ఇలాంటి గాజు వస్తువు చూసి ఐడియా వచ్చిందట. ఇప్పుడేమో క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ సెక్యూరిటీ కంపెనీ వాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కో ఆఫీసులో గోడ నిండా వంద దాకా ల్యాంపులు పెట్టి, ఆ కదలికల్ని కెమెరాతో తీసి ఎన్‌క్రిప్షన్‌కి, అంటే సమాచారాన్ని ఎవరూ చదవలేని రహస్య కోడ్‌గా మార్చడానికి, ర్యాండమ్ నంబర్లు పుట్టించుకుంటున్నారు! ముద్ద ఎటు పోతుందో ఎవడూ ముందే చెప్పలేడు కదా మరి.

వాడేవాళ్లకి ఒక మాట. బల్బు పోతే కరెంటు ఆదా అని ఎల్‌ఈడీ పెట్టకండి, దానికి చాలినంత వేడి రాదు, మైనం అలాగే గడ్డలా పడుంటుంది. ఆన్ చేశాక రెండు మూడు గంటలు ఓపిక పట్టాలి, తొందరపడి ఊపితే నీళ్లు మసకబారిపోతాయి. స్టవ్ మీద మాత్రం అస్సలు పెట్టొద్దు, 2004లో అమెరికాలో ఒకతను అలా వేడిచేస్తే గాజు పేలి చనిపోయాడు.