పై తేట

మన బడి పాత విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు. మూడోసారి కోవాయే చేశాడు. "నువ్వు డిప్యూటీ ఇంజనీరువి కదా, నీ ఫొటో కింద ఒక పేజీ అయినా ఉండాలి" అన్నాడు. ఫొటో కోసం రాస్తున్నాననుకోకండి. మన క్లాసు 'రేడియో' మీద పాత కేసొకటి తేలాల్సి ఉంది. (రేడియో, కోవా, జంటజడలు అన్నీ బళ్ళో పెట్టుకున్న పేర్లే.)

ఆరు నుంచి తొమ్మిది దాకా నాకు పెద్దగా ఏమీ గుర్తు లేదు. వెనక బెంచీ, ఉప్పూ కారం అద్దిన జామకాయలు, అంతే. టెన్త్‌లో కూడా ఒక్క రోజే గుర్తుంది. 1996 నవంబర్ 17, ఆదివారం.

తుఫాను 6న, బుధవారం. దీపావళి ఆ వచ్చే ఆదివారం. మా వీధిలో ఎవరూ మతాబా మాటెత్తలేదు. కోనసీమలో కొబ్బరిచెట్లు ఎలా పడ్డాయో మీకు నేను చెప్పక్కర్లేదు. బడి మీద పెంకుల్లేవు, చెరువు నిండా మట్టలు. ఇక ఎవరో వచ్చి తీస్తారని కూర్చుంటే లాభం లేదని ఊరంతా ఆ రోజు కదిలింది. దింపు తీసేవాళ్ళు కత్తులు తెచ్చారు, రైతులు బళ్ళు కట్టారు, డ్రిల్లు మాస్టారు విజిలు తెచ్చారు. ఆ విజిలుతో ఏం సాధించారో నాకు ఇప్పటికీ తెలీదు.

మగపిల్లలకి మానులు లాగడం, ఆడపిల్లలకి మట్టలు ఏరడం అని పంచారు. లెక్కల మాస్టారు మాత్రం నన్నూ, జంటజడల్నీ, కోవానీ, రేడియోనీ పక్కకి పిలిచారు. ఆయన చేతిలో హెల్త్ సెంటర్ వాళ్ళిచ్చిన బ్లీచింగ్ పౌడరు సంచి, ఒక తాడు, దాని చివర రాయి.

"నూతిలో నీళ్ళెన్ని?"

"చాలా ఉన్నాయండీ" అన్నాడు కోవా. ఆ 'చాలా' వాడికి టెన్త్ అయ్యేదాకా వదల్లేదు.

రాయి కట్టిన తాడు దింపి తడిసిన మేర కొలిచాం. మూడు మీటర్లు. నుయ్యి వ్యాసం రెండు. "పై ఆర్ స్క్వేర్ హెచ్, ఇప్పుడు పనికొచ్చిందా లేదా?" అంటూ నా చేతికి బొగ్గుముక్క ఇచ్చారు. నూతి గట్టు మీదే వేశాను లెక్క. 9,420 లీటర్లు. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల పౌడరు, తుఫాను నీళ్ళు కాబట్టి రెట్టింపు. మొత్తం 47 గ్రాములు. అంతకు అంత తూచే రాళ్ళు కొట్టులో లేవు. కొట్టాయన యాభై రాయి వేస్తే, "మూడు గ్రాములు కొసరు" అన్నారు మాస్టారు.

పౌడర్ని బకెట్లో ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుక్కి దిగేదాకా ఆగాలి. పై తేట ఒక్కటే వేరే బొక్కెనలోకి వంచి నూతిలోకి దింపాలి. ఆ తర్వాత గంటసేపు ఎవరూ చేద వెయ్యకూడదు. ఆ గంట కాపలా నాదీ జంటజడలదీ. "కూర పొయ్యి మీదుందే, తప్పుకోవే" అని అత్తలు తిట్టిన తిట్లు సంచికలో వేసేవి కావు.

నాలుగు నూతులు బాగానే అయ్యాయి. గుడి వీధి నూతి దగ్గర మాస్టారు మంచినీళ్ళకని అటు వెళ్ళారు, ఎవరో బకెట్టు బకెట్టంతా అడుగు సున్నంతో సహా కుమ్మరించారు. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. మాస్టారు అరవలేదు. పంచె ఎగ్గట్టి చేద అందుకుని ఆయనే తోడ్డం మొదలెట్టారు. ఇక మేం నిలబడి చూడగలమా! చీకటి పడేదాకా నలుగురం వంతులేసుకుని తోడాం. అరచేతుల్లో బొబ్బలు. "మీకు రెండు పైలు చెప్పాను. ఒకటే గుర్తుంది" అన్నారు వెళ్ళేటప్పుడు.

తర్వాత ఇంటరు, కాకినాడలో సివిల్ ఇంజనీరింగు, ఉద్యోగం. నేను గ్రామీణ నీటి సరఫరాకే ఎందుకు వచ్చానని మా ఆయన అడిగితే ఈ కథే చెబుతాను. ఆయన సగంలో నిద్రపోతారు. 2014లో హుద్‌హుద్ తర్వాత విశాఖ వైపు డ్యూటీ వేశారు. సాయానికి వచ్చిన కాలేజీ కుర్రాడొకడు బకెట్టు అలాగే ఎత్తబోయాడు. "పై తేటరా!" అని అరిచాను. అచ్చం మాస్టారి గొంతే. అప్పటికి ఆయన పోయి మూడేళ్ళు.

గుడి వీధి నూతి మీద ఇప్పుడు పలక వేసి మోటారు పెట్టారట. సరే. రేడియో, నువ్వు సింగపూర్ నుంచి వస్తున్నావని గ్రూపులో చూశాను. కోవా తను కాదని వాళ్ళ అమ్మాయి మీద ఒట్టేశాడు. జంటజడలూ నేనూ కాపలాలో ఉన్నాం. మిగిలింది నువ్వే. మైకు నీ చేతికి ఇచ్చేముందు ఆ సంగతి తేల్చాలని కమిటీకి నా మనవి.