లేకాక్‌లో సగం పైంటు

ఇంగ్లండ్‌లోని లేకాక్ అనే ఊరికి వెళ్లింది పబ్ కోసం కాదు. ముందే చెప్తున్నాను, ఎందుకంటే సాయంత్రం ఇంటికొచ్చాక నా ఫోన్‌లో ఫొటోలు చూసి మా ఆవిడ మొదట అడిగింది అదే. నల్లగొండలో ముప్పై ఏళ్లు ఫొటో స్టూడియో నడిపినవాణ్ణి, ఫిల్ము రోజుల్లో డార్క్‌రూం మందుల్లో వేళ్లు నల్లబడినవాణ్ణి. 1835లో ఫాక్స్ టాల్బోట్ అనే ఆయన తన ఇంటి కిటికీ ఎదురుగా చిన్న చెక్కపెట్టె కెమెరా పెట్టి ఒక నెగెటివ్ తీశాడు. ఇప్పటికీ మిగిలి ఉన్న కెమెరా నెగెటివ్‌లలో అంతకంటే పాతది లేదు. ఆ కిటికీ ఉన్నది లేకాక్ అబ్బేలో, ఒకప్పటి మఠం అది, తర్వాత ఆయన ఇల్లు. మా బిడ్డ ఉండేది స్విండన్‌లో, అక్కడి నుంచి చిప్పెన్‌హమ్ దాకా రైలు, ఆపైన బస్సు, అంతే. రెండు నెలలుగా మనవణ్ణి ఎత్తుకుని అదే పార్కు చుట్టూ తిరుగుతున్న మనిషికి అంత దగ్గర్లో అలాంటి కిటికీ ఉందని తెలిస్తే ఆగుతాడా?

రైలు టికెట్ సంగతి ఎత్తకపోతేనే మంచిది. ఆ పావుగంట ప్రయాణానికి రానుపోను ఇచ్చిన డబ్బుతో నల్లగొండలో నారాయణాద్రి ఎక్కి తిరుపతి పోయి లడ్డూతో సహా తిరిగి రావచ్చు. "నాన్నా, రూపాయల్లోకి మార్చి చూడొద్దని ఎన్నిసార్లు చెప్పాలి" అంటుంది మా బిడ్డ. మార్చకుండా ఎట్లా ఉంటారో నాకు అర్థం కాదు.

చిప్పెన్‌హమ్‌లో బస్సు తప్పిపోయింది. తప్పిపోవడం అంటే నేను ఆలస్యంగా పోవడం కాదు, స్టాప్‌లో పది నిమిషాల ముందు నుంచీ బుద్ధిగా నిలబడ్డాను, బస్సు వచ్చింది, నా ముందు నుంచే వెళ్లిపోయింది. పక్కనే కుక్కను పట్టుకుని నడుస్తున్న ఒకావిడ చెప్పింది, చెయ్యి చాపాలి కదా అని. మన దగ్గర చెయ్యి ఎత్తకపోతే బస్సు ఆగదని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఇంగ్లండ్ కదా, స్టాప్‌లో మనిషి కనిపిస్తే వాళ్లే మర్యాదగా ఆపుతారనుకున్నా. మళ్లీ గంట సేపు అక్కడే, సన్న జల్లులో. వాళ్లు దాన్ని వాన అని కూడా అనరు. ఆ గంటలో నాకు ఇంగ్లండ్ మీద, ఫాక్స్ టాల్బోట్ మీద, ఈ వయసులో ఒక్కణ్ణే బయల్దేరిన నా మీద సమానంగా కోపం వచ్చింది.

కిటికీ చూశాను. చిన్న కిటికీ. తపాలా బిళ్లంత నెగెటివ్‌కి సరిపోయేంత కిటికీ. కాసేపు నిలబడ్డాను, దండం పెడదామనిపించింది, చుట్టూ జనం ఉన్నారని ఊరుకున్నాను. దాని గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు, పదేళ్లు అనుకున్న పని పది నిమిషాల్లో అయిపోయింది.

ఊరు మాత్రం వదల్లేదు. నాలుగు వీధులు, నలుచదరంగా. అటు నుంచి ఇటు నడిస్తే మళ్లీ మొదలుపెట్టిన చోటికే వస్తాం. రాతి ఇళ్లు కొన్ని, నల్లటి దూలాలు బయటికి కనిపిస్తూ మధ్యలో సున్నం పూసినవి కొన్ని, కప్పులు గుర్రం నడుంలా మధ్యలో కుంగి. ఫొటోగ్రాఫర్‌గా నాకు మొదట తట్టింది ఏమిటంటే, ఎటు తిప్పినా ఫ్రేములో ఒక్క కరెంటు తీగ పడలేదు. యాంటెన్నాలు లేవు, స్తంభాలు లేవు. ముప్పై ఏళ్లు పెళ్లిఫొటోల్లో తీగలు తప్పించడానికి వంగి, కూర్చుని, గోడలెక్కి నడుం విరగ్గొట్టుకున్నవాడికి అది ఎంత పెద్ద సంగతో చెప్పలేను. ఊరు మొత్తం టాల్బోట్ల సొత్తు. ఆ వంశంలో మటిల్డా టాల్బోట్ అనే ఆవిడ 1944లో అబ్బేనీ ఊరినీ కలిపి, పాత కట్టడాలు కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి ఇచ్చేసింది. అందుకే సినిమా వాళ్లు పాత కాలం కావాలంటే ఇక్కడికే వస్తారు, ఎదురుగా ఉన్న కార్లు తీయించి రోడ్డు మీద మట్టి పోస్తే చాలు. ఇళ్లల్లో మనుషులు అద్దెకుంటారు. నేను ఒక కిటికీలోకి తొంగిచూశాను, లోపల ఒకావిడ ఇస్త్రీ చేసుకుంటోంది, నన్ను చూసి పరదా లాగేసింది. సిగ్గేసింది. రోజుకి ఎంతమంది నాలాంటివాళ్లు తొంగిచూస్తారో పాపం.

పాత ధాన్యపు కొట్టు పక్కన గుండ్రటి కప్పుతో ఒక చిన్న రాతిగది ఉంది. గుడి అనుకుని దగ్గరికి పోయాను. అది జైలు. తాగి వీధిలో గొడవచేసినవాణ్ణి తెల్లారేదాకా పడేసే గది, 18వ శతాబ్దం నాటిది, కిటికీ లేదు కాబట్టి దాన్ని బ్లైండ్ హౌస్ అంటారు, గుడ్డి ఇల్లు. అక్కడి నుంచి పబ్ నడిచి పోయేంత దూరమే, మనిషిని ఈడ్చుకొచ్చేవాళ్లకి పెద్ద కష్టం ఉండి ఉండదు.

అప్పుడు జల్లు కాస్తా వాన అయింది. ఎదురుగా జార్జ్ ఇన్. బోర్డు మీద డ్రాగన్‌ని పొడుస్తున్న సెయింట్ జార్జ్ బొమ్మ. చదువు రానివాళ్లకి గుర్తుండడానికి ఇక్కడ పబ్‌లకి బొమ్మలు పెట్టేవాళ్లట. 1361 నుంచీ ఉన్నామని చెప్పుకుంటారు. ఓరుగల్లు పడిపోయి అప్పటికి నలభై ఏళ్లు కూడా కాలేదు, మా వైపు రాచకొండ నాయకులు ఇంకా కోటలు కట్టుకుంటున్న కాలం. అంత పాత కొట్టులో తల వంచి దూరాలి, వంచినా నాకు దూలం తగిలింది.

లోపల మూల బల్ల దగ్గర కూర్చున్నాను. ఎవరైనా వచ్చి ఏం కావాలని అడుగుతారని చూస్తున్నా. ఐదు నిమిషాలు, పది, పదిహేను. ఎవరూ రారు, ఎవరూ పొమ్మనరు. పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన, కాళ్ల దగ్గర పడుకున్న కుక్క. ఆయన చివరికి జాలిపడి, "ఇక్కడ మనమే పోయి అడగాలండీ, వాళ్లు రారు" అన్నాడు. మండువ పద్ధతే, అంటే మా వైపు కల్లు అమ్మే పందిరి పద్ధతి. మా తాత మండువలో కూడా ఎవరి దొప్ప వాళ్లే పట్టుకుని కుండ దగ్గరికి రావాలి.

అవును, మాది గౌడుల ఇల్లు. తాత రోజుకి రెండుసార్లు, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి, నడుముకి మోకు, ముత్తాదు కట్టుకుని తాటిచెట్లు ఎక్కి కల్లు లొట్లు దించేవాడు. నాయన చదువుకుని మాస్టరయ్యాడు, నాకు కెమెరా కొనిచ్చాడు, మా ఇంట్లో ఆ మాట మెల్లగా మాయమైంది. అల్లుడికి కూడా ఈ మధ్యే తెలిసిందనుకుంటా.

కౌంటర్ దగ్గర సగం పైంటు బీరు అడిగాను. సీసా తీస్తాడనుకుంటే ఆ అబ్బాయి ఒక పొడుగాటి చెక్క పిడిని పట్టుకుని బోరింగ్ కొట్టినట్టు మెల్లగా లాగాడు. రాగిరంగు, నురగ పల్చగా, తాగితే చల్లగా లేదు. ఫ్రిజ్ పాడైందేమో అని అడగబోయి ఆగాను. ముసలాయన నా మొహం చూసి నవ్వాడు. ఇది పీపాలో ఇంకా పులుస్తూనే ఉంటుందట, కింద నేలమాళిగ చల్లదనమే తప్ప ఐసు పెట్టరట, పీపా తెరిచాక మూణ్ణాలుగు రోజుల్లో అయిపోకపోతే పారబోయడమేనట. "దీనికి ప్రాణం ఉంటుంది" అన్నాడు.

గ్లాసు కింద పెట్టేశాను. మా తాత అచ్చం ఇదే అనేవాడు. "కల్లుకు పానముంటది రా. పొద్దుగాల పసిపిల్ల లెక్క తియ్యగుంటది, పొద్దుమూకితే దాని మూతి మారుతది." పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులిసిపోతే ఆయన ఎవరికీ పోసేవాడు కాదు, పశువుల కొట్టం వెనక ఒంపేసేవాడు. తర్వాత కాలంలో పట్నాల్లో చెట్టుకి సంబంధం లేకుండా నీళ్లలో క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందు కలిపి కల్లు అని అమ్మారు, జనం చచ్చారు, కల్లు అంటేనే ఛీ అనే రోజులొచ్చాయి. తాత అది చూడకుండానే పోయాడు.

ఇదంతా ముసలాయనకి చెప్పాను, నా ఇంగ్లీషులో. చెట్టు ఎక్కి దించుతారా అని రెండుసార్లు అడిగాడు. తాడు ఎట్లా కడతారో బల్ల మీద టిష్యూ కాగితం మెలిపెట్టి చూపించాను. ఆయన కుక్కని కూడా లేపి చూపించాడు!

ఆయన ఈ ఊళ్లోనే పుట్టాడట. టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరై, ఇప్పుడు పక్కనున్న మెల్క్‌షమ్‌లో ఉంటాడు, వారానికోసారి బస్సులో వచ్చి ఇక్కడ ఒక పైంటు తాగి పోతాడు. తన చిన్నప్పుడు ఇట్లాంటి పబ్‌లలో రెండు గదులుండేవి అన్నాడు. పొలం బూట్లతో వచ్చేవాళ్లకి ఒకటి, మెత్తటి కుర్చీలతో ఇంకొకటి, అందులో బీరు ఒక పెన్నీ ఎక్కువ. వాళ్ల నాన్న ఆ రెండో గదిలో జీవితంలో అడుగుపెట్టలేదట. మధ్యాహ్నం రెండున్నరకి గంట కొట్టి మూసేసేవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధాల ఫ్యాక్టరీల పనివాళ్లు తాగి పడిపోకుండా పెట్టిన నియమం, యుద్ధం 1918లో అయిపోయినా అది మాత్రం 1988 దాకా నడిచింది. ప్రభుత్వం ఒకసారి మూసిన తలుపు తెరవడం ఎక్కడైనా ఆలస్యమే అన్నమాట.

రెండు గదుల మాట విన్నాక నేను కొంచెంసేపు మాట్లాడలేదు. మా మండువలో ఒకటే పందిరి, గదులు లేవు. కానీ తాత ముంతతో దొప్పలోకి ఒంపేటప్పుడు కొందరికి దగ్గర్నుంచి పోసేవాడు, కొందరికి జానెడు ఎత్తు నుంచి. ఆ ఎత్తు ఎవరికో, ఎందుకో నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. అది ఆయనకి చెప్పలేదు. ఇంగ్లీషు రాలేదని అనుకోండి.

పొయ్యి పక్కన గోడకి ఎత్తుగా ఒక చెక్క చక్రం ఉంది, ఉడత బోనులా. ఇంగ్లండ్‌లో ఇట్లాంటివి ఇప్పుడు వేళ్లమీద లెక్కపెట్టేన్నే ఉన్నాయట. దాని లోపల పొట్టికాళ్ల కుక్కని పెట్టి నడిపించేవాళ్లు, అది నడుస్తుంటే తాడు తిరిగి పొయ్యి మీద మాంసం గుచ్చిన చువ్వ తిరిగేది. ఆ పని కోసమే పెంచిన జాతి, టర్న్‌స్పిట్ అంటారు, యంత్రాలొచ్చాక ఆ జాతే లేకుండా పోయింది. ముసలాయన కుక్క మాత్రం ఆ చక్రం కిందే, మా చిప్స్ వాసన చూస్తూ హాయిగా దొర్లుతోంది. (ఒక గిన్నె చిప్స్ ఇద్దరం తిన్నాం, డబ్బులు నేనే ఇచ్చాను, ఎంతో రాస్తే మా ఆవిడ చదువుతుంది.)

"పిల్లల్ని లోపలికి రానిచ్చేవాళ్లు కాదు" అన్నాడాయన. ఇప్పుడు చూస్తే పక్క బల్ల దగ్గర ఉయ్యాలబుట్టలో పసిపిల్ల నిద్రపోతోంది. ఆయన, ఆయన చెల్లెలు బయట గోడ మీద కూర్చునేవాళ్లట, వాళ్ల నాన్న ఒక్కసారి బయటికొచ్చి చిప్స్ ప్యాకెట్ చేతిలో పెట్టి మళ్లీ లోపలికి పోయేవాడు. ఆ ప్యాకెట్‌లో ఉప్పు విడిగా, నీలం కాగితంలో మెలిపెట్టి ఉండేది. చీకట్లో ఆ పొట్లం కోసం ఇద్దరూ తడుముకునేవాళ్లట. చెప్తూ చెప్తూ బొటనవేలు, చూపుడువేలు కలిపి ఏదో విప్పుతున్నట్టు చూపించాడు.

నాకు గుడాలు. తాత మండువలో ఒక ముసలమ్మ ఉడకబెట్టిన శనగ గుడాలు అమ్మేది, మోదుగాకులో, పైన ఉల్లిగడ్డ, కారం. నాయనకి తెలియకుండా నేను పోయి పందిరి బయట నిలబడేవాణ్ణి, తాత లోపలికి రావద్దని కళ్లతోనే చెప్పి, ఆకు పొట్లం తెచ్చి చేతిలో పెట్టి, "ఉరుకు" అనేవాడు. వేడికి ఆకు చేతికి అంటుకునేది.

ఆయన అడిగాడు, ఆ చోటు ఫొటో ఉందా చూపించు అని. ఫొటోగ్రాఫర్‌నని అప్పటికే గొప్పగా చెప్పుకున్నాను కదా. ఫోన్ తీశాను కూడా, అలవాటు కొద్దీ. లేదు. 1994లో చిన్నాయన కొడుకు పెళ్లికి మా ఊళ్లో మూడు రోల్స్ తీశాను. బరాత్ మండువ ముందు నుంచే పోయింది, పందిరి కింద తాత కూర్చుని చెయ్యి ఊపాడు. ఆడపెళ్లివాళ్లు ఆల్బమ్ చూస్తారని లెన్సు మూత పెట్టేసి, మలుపు తిరిగాక మళ్లీ తీశాను. ఊరికి తర్వాత ఎన్నిసార్లు కెమెరాతో పోయానో లెక్కలేదు.

"లేదండీ" అన్నాను. ఆయన తలూపి, తన దగ్గర కూడా లేదన్నాడు, ఈ గోడ మీద తను, చెల్లెలు కూర్చున్నది. ఈ ఊరిని ఇంతమంది ఫొటో తీస్తారు, అందులో మేం లేం అని నవ్వాడు.

మెల్క్‌షమ్ బస్సు ముందొచ్చింది, ఆయన, కుక్క వెళ్లిపోయారు. నా బస్సుకి ఇంకా ఇరవై నిమిషాలు. మన దేశంలో రాత్రి తొమ్మిదన్నర అయి ఉంటుంది, ఊళ్లో తమ్ముడికి ఫోన్ చేశాను. మండువ ఉన్న చోట ఇప్పుడేముందిరా అంటే, రెండు షట్టర్లు, ఒకటి మీసేవ, ఒకటి మూసే ఉంటుంది అన్నాడు. పందిరి ముఖం ఎటువైపు ఉండేది, చెరువు వైపా, బడి వైపా?

"బడి వైపే కదా అన్నా."

"కాదురా, చెరువు వైపు. నేను బడి నుంచి వస్తుంటే తాత వీపు కనపడేది."

"వీపు కాదన్నా, మొహమే. నన్ను చూసి పిలిచేటోడు కూడా. అమ్మనడుగుదామా?"

అమ్మ పడుకుంది. పొద్దున అడుగుతానన్నాడు. మాట్లాడుతూనే ఉన్నాను, మలుపులో బస్సు కనిపించింది, ఈసారి ఫోన్ చంకలో పెట్టుకుని రెండు చేతులూ చాపాను.