లమ్మ జేజి

మే నెలలో కర్నూలులో అటక ఎక్కడమూ, కాగుతున్న మూకుట్లో కాలు పెట్టడమూ ఒకటే. అయినా ఎక్కాను. మా బడికి సెలవులు అప్పుడే, మేస్త్రీ దొరికేదీ అప్పుడే. వంటింటి వెనక ఉన్న చిన్న గదిని సామాన్ల గదిగా మార్చాలని మూడేళ్లుగా అనుకుంటున్నాం. ఆ గది అటక మీద ఉన్నదంతా దించితే తప్ప పని మొదలయ్యేది కాదు.

మాది యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం. అంత పొడవు పేరుకు ఎవరి నోరూ తిరగదు కాబట్టి బంధువులు మోర్మన్లు అంటారు. వీధిలోవాళ్లకు మాది టీ, కాఫీ ఇవ్వని ఇల్లు. వచ్చినవాళ్లకు రాగిమాల్టు ఇస్తే, ఎవరికి జ్వరం వచ్చిందో అన్నట్టు చుట్టూ చూస్తారు. మామయ్య మాత్రం పాత బాప్టిస్టు. ఆదివారం ఆయన గుడికి ఆయన వెళతారు. రోజూ ఉదయం ఆరు గంటలకు వీధి చివరి హోటలుకు టీ కోసం వెళతారు. ఆ రెండింటి జోలికీ మేము పోము. మా కూటానికి హైదరాబాదు వెళ్లాలంటే రెండు వందల కిలోమీటర్ల పైమాట, నెలకు ఒకసారి వెళ్లగలిగితే గొప్ప.

ఇంట్లో కొన్ని నెలలకు సరిపడా తిండి, తాగే నీళ్లు నిలవ ఉంచుకోమని మా సంఘం చెబుతుంది. సామాన్ల గది అందుకే. ఈ మాట మామయ్యతో అంటే నవ్వారు. "దీనికి అమెరికా నుంచి చెప్పించుకోవాలా అమ్మా? మా ఊళ్లో కలిగిన ప్రతి ఇంటికీ పాతర ఉండేది" అన్నారు. నేల తవ్వి, గోడలకు, అడుగుకు గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన బండ మూసి, మట్టితో మెత్తేవారట. కరువు వచ్చిన ఏడే తెరిచేది. తెరిచినా వెంటనే దిగకూడదు. తాడుతో లాంతరు దించి, దీపం ఆరకపోతేనే మనిషి దిగాలి. లోపల గాలి చెడి ఉంటే దిగినవాడు మళ్లీ పైకి రాడు. ఈ కథ విన్నప్పటి నుంచి మా చిన్నవాడు బియ్యం డబ్బా మూత తీసి లోపలికి టార్చి కొట్టి చూస్తున్నాడు.

అరల సంగతి ఎక్కువ చెప్పను, కోపం వస్తుంది. మా ఆయన బేతంచర్ల బండలు చాలన్నారు. బరువుకు కడప నల్లబండే ఆగుతుందని నేను. ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, నాలుగు వరుసలు. మేస్త్రీ గోడలో గాడి కొట్టేటప్పుడు మూడో వరుసకు రసమట్టం చూడలేదు. నూనె డబ్బా పెట్టగానే పెళ్లికూతురిలా మెల్లగా కదిలి అవతలి మూలకు చేరింది. ఇప్పటికీ ఆ అర మీద గుండ్రంగా ఉన్నదేదీ పెట్టము.

అటక మీద ఒక రేకు పెట్టె, విరిగిన ఊయల, గోనెసంచిలో చుట్టిన ఇత్తడి బిందె దొరికాయి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదికి వచ్చినప్పుడు నీళ్లు ఆ అటకకు జానెడు కింద ఆగిపోయాయి. అందుకే అవి మిగిలాయి. బీరువా కింది అరలో ఉన్న కుటుంబం బైబిలు మిగలలేదు. దాని మొదటి పేజీల్లో మూడు తరాల పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాసి ఉండేవట. బురద ఆరాక అది విప్పడానికి రాని ఇటుకలా అయిందని మామయ్య చెబుతారు. సాల్ట్ లేక్ సిటీ దగ్గర గ్రానైట్ కొండను తొలిచి, లోకంలోని ఎన్నో దేశాల రిజిస్టర్ల మైక్రోఫిల్ములు మా సంఘంవాళ్లు దాచారు. మా బైబిలు నేలకు అడుగున్నర ఎత్తులో ఉండేది.

రేకు పెట్టెలో ఉన్నది నష్టపరిహారం ఫైలు. మామయ్య వాళ్ల ఊరు కృష్ణ ఒడ్డున, సంగమేశ్వరానికి ఇవతల. శ్రీశైలం డ్యాము కోసం 1981లో ఖాళీ చేయించారు. ఫైల్లో కరణం సంతకం పెట్టిన వంశవృక్షం ఒకటి కనబడగానే మా ఆయన ఎగిరి గంతేశారు. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో ఆయన ఏళ్ల తరబడి నింపుతున్న పట్టికకు ఇక కొరత లేదనుకున్నారు. కూర్చుని లెక్కపెట్టాం. మూడు తరాలు, ఇరవై మూడు పేర్లు, అందరూ మగవాళ్లే. భూమి ఎవరి పేరున ఉందో, పరిహారం ఎవరికి రావాలో తేల్చడానికి గీసిన చెట్టు అది. భార్యలకు, ఆడపిల్లలకు ఆ చెట్టు మీద రెమ్మ కూడా లేదు. కరణాన్ని తప్పుపట్టను, ఆయనను అడిగింది అంతే.

మా సంఘం పట్టిక వేరు. తల్లిదండ్రులు ఇద్దరు, ఆ పైన నలుగురు, ఆ పైన ఎనిమిది మంది, పదహారు మంది. తండ్రికి ఒక గడి గీస్తే తల్లికి ఒక గడి తప్పదు. మా ఆయన వైపు పట్టికను గోడకు అంటించి చూస్తే మగవాళ్ల గడులు నిండుగా, వాటి పక్కనే ఆడవాళ్ల గడులు పళ్లు ఊడిన నోటిలా ఉన్నాయి. అందులో మొదటి ఖాళీ మామయ్య జేజిది, అంటే ఆయన నాన్నను కన్న తల్లిది. ఆయన పుట్టకముందే పోయింది. పేరు అడిగితే ఆయన తడుముకోకుండా "జేజి" అన్నారు.

సోమవారం సాయంత్రం మా ఇంట్లో టీవీ ఉండదు. అందరం కలిసి కూర్చుని ఒక పాట పాడి, ఒక పాఠం చదువుకుని, ఏదైనా తింటాం. ఎక్కువగా ఉగ్గాని, బజ్జి. దానికోసమే మామయ్య కూడా వస్తారు. ఆ సోమవారం పాఠం పక్కన పెట్టి బిందె తోమాం. చింతపండు, ముగ్గుపిండి తీసుకుని పిల్లలిద్దరూ పోటీపడుతుంటే, భుజం దగ్గర చుక్కల అక్షరాలు తేలాయి. పాత సామాన్ల మీద ఉలితో కొట్టించే పేరు. అప్పటిదాకా రుద్దుతున్న వాళ్ల చేతులు పట్టుకుని ఆపాను. వందేళ్లుగా రోజూ తోమిన చేతులే ఆ పేరును సగం తినేశాయి, మిగిలిన సగాన్ని మేము ఒక్క సాయంత్రంలో పూర్తిచేసేవాళ్లం.

మా అమ్మాయి తెలివైనది. బియ్యప్పిండి చల్లి, గుడ్డతో మెల్లగా తుడిచి, ఫోను వెలుతురు పక్కనుంచి పట్టింది. ఇంటిపేరు పూర్తిగా పోయింది. చివర "లమ్మ" మాత్రం స్పష్టంగా ఉంది. దాని ముందు అక్షరానికి కొమ్ము ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. ఉంటే ఓబులమ్మ, నాగులమ్మ. లేకపోతే తిరుమలమ్మ, కమలమ్మ. చిన్నవాడు కాగితం మీద పదకొండు పేర్లు రాశాడు. "పెళ్లికి చదివించినవాళ్ల పేరు కూడా కొట్టించేవారు, అది జేజి పేరే అని ఏమిటి నమ్మకం?" అని మామయ్య అందరి ఉత్సాహం మీదా నీళ్లు చల్లి, ఇంకో బజ్జి తీసుకున్నారు.

నందికొట్కూరులో మామయ్య అక్క ఉన్నారు. నాకు వరసకు పెద్దమ్మ, వయసు తొంభైకి దగ్గర. మరుసటి ఆదివారం బిందెను ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లాను. తేదీల విషయంలో ఆమె గట్టి మనిషి. తన పెళ్లి గంజి కేంద్రాలు పెట్టిన ఏడు, అంటే 1952. తమ్ముడు పుట్టింది కర్నూలు రాజధాని అయిన ఏడు, గుడారాల్లో కచేరీలు నడుస్తున్నప్పుడు, అంటే 1953. మామయ్య బడి సర్టిఫికెట్లో మాత్రం జూలై 1 అని ఉంది. ఆ తరంలో మా బంధువులు సగం మంది జూలై 1నే పుట్టారు, బడిపంతుళ్ల దయ. జేజిని కన్నతల్లి ధాత కరువులో పుట్టిందని ఇంట్లో చెప్పుకునేవారట. ఆ కరువు 1876-78. అంటే జేజి పుట్టుక 1895కు అటూ ఇటూ. ఇంత లెక్క చెప్పిన మనిషిని పేరు అడిగితే బిందెను తిప్పి తిప్పి చూసి పెదవి విరిచారు.

"ఆమెను పేరు పెట్టి పిలవడానికి ఎవరున్నారు అమ్మాయీ? మొగుడు 'ఏమే' అనేవాడు. అత్త 'వెలుగోడుదానా' అనేది. మిగిలినవాళ్లందరికీ జేజే."

"ఓబులమ్మ కావచ్చా పెద్దమ్మా?"

"ఓబులమ్మ మా పక్కింటామె."

తరువాత చాలాసేపు మాట్లాడలేదు. నేను లేస్తుండగా అన్నారు: "సంగటి ముద్ద పెట్టి, మధ్యలో బొటనవేలితో గుంట చేసి నెయ్యి పోసేది. నెయ్యి లేని రోజున కూడా గుంట మాత్రం పెట్టేది."

బస్సులో తిరిగి వస్తూ అదే రాసుకున్నాను. పట్టికలో దానికి గడి లేదు.

ఈ పేర్లు మాకు ఎందుకో చెప్పాలి. బతికి ఉండగా అవకాశం దొరకని పెద్దల తరఫున వాళ్ల వంశస్థులు ఆలయంలో బాప్తిస్మం తీసుకోవచ్చని మా నమ్మకం. ఒప్పుకోవడం, మానడం ఆ పెద్దల ఇష్టం. భార్యాభర్తలను, పిల్లలను చావుతో తెగని బంధంగా కలిపే విధి కూడా అక్కడే జరుగుతుంది. మేము 2014లో దానికోసం హాంకాంగ్ దాకా వెళ్లాం. బెంగళూరులో ఆలయం కడతామని 2018లో ప్రకటించి, 2020 డిసెంబరులో పని మొదలుపెట్టారు. ఒకసారి ఇదంతా మామయ్యకు చెప్పాను. అంతా విని ఆయన అన్న మాట: "మా జేజిని పాదిరిగారు ఒకసారి ఏటిలో ముంచారు. 1981లో సమాధితో సహా డ్యాము ముంచింది. మూడోసారి మీరు కూడా ముంచుతారా?" నవ్వు ఆపుకోలేకపోయాను. జవాబు ఇప్పటికీ ఇవ్వలేదు.

కానీ ఆయనే రోజూ పేపర్లో శ్రీశైలం నీటిమట్టం చూస్తారు. 885 అడుగుల నిండు మట్టం నుంచి ఎంత దిగితే ఊరి శ్మశానం బయటపడుతుందో ఆయనకు వేళ్ల మీద లెక్క. సంగమేశ్వరుడి గుడి తేలిన తరువాత కొన్నాళ్లకు మా వంతు. కిందటి ఏడు వెళ్లాం. నెర్రెలిచ్చిన ఒండ్రు మీద నడుచుకుంటూ పోతే, అడ్డంగా పడిన నాలుగు బండలు. ఒక్కదాని మీదా అక్షరం లేదు. ఆయన చెప్పులు విప్పి, రెండో బండ దగ్గర కూర్చుని, పైన పేరుకున్న మట్టిని చేత్తో గీకారు. అది జేజిదేనా అని మా అమ్మాయి అడిగింది. "కాకపోతే ఆమె తోడికోడలిది. ఎవరిదైతే ఏమి, మట్టి తీయాలి కదా" అన్నారు.

ఫ్యామిలీసెర్చ్‌లో ఆ గడి ఇప్పటికీ ఖాళీయే. ఊహించిన పేరు పెట్టడం మా ఆయనకు ఇష్టం లేదు, నాకూ లేదు. ఇంట్లో గోడ మీది పట్టికలో మాత్రం చిన్నవాడు పెన్సిలుతో "లమ్మ జేజి, వెలుగోడు" అని రాశాడు. ఇప్పుడు అందరమూ అలాగే అంటున్నాం. మొన్న మామయ్య కూడా ఫోనులో వాళ్ల అక్కతో అలాగే అన్నారు.

బిందెలో నీళ్లు నిలవ పెడదామని నింపితే రాత్రికి రాత్రి గదంతా తడిసింది. అడుగున సూది మొనంత చిల్లి. మాటు వేసేవాళ్ల కోసం రెండు రోజులు తిరిగాను, ఒక్కరూ దొరకలేదు. అందుకని కడిగి ఎండబెట్టి, వేపాకు వేసి, జొన్నలు పోశాం. పన్నెండు కిలోలు పట్టాయి. మూడో అర మీద జారుతుంది కాబట్టి నేల మీదే పెట్టాం.