నాన్నమ్మను పొమ్మన్న పిల్ల

క్రిందటి ఆదివారం మా అమ్మాయి వాళ్ళ నాన్నమ్మతో వీడియో కాల్‌లో పది నిమిషాలు మాట్లాడి, చివరలో "సరే పో, గుడ్ నైట్ పో" అని ఫోను నా చేతికిచ్చి వెళ్ళిపోయింది. తెనాలి దగ్గర మా ఊళ్ళో, వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్న మా అమ్మ కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత గొంతు తగ్గించి, "ఏరా, పిల్లను నేనేమన్నాను? రెండుసార్లు పొమ్మన్నదేమిటి?" అని అడిగింది.

తగలోగ్ భాషలో "పో" అంటే మన "అండి" వంటిదని, సెలవులకు ఫిలిప్పీన్స్ వెళ్ళినప్పుడు పిల్లకు ఆ మాట అంటుకున్నదని ఆమెకు నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చింది. కుక్కను అదిలించే మాట ఎక్కడైనా మర్యాద ఎలా అవుతుందన్నది ఆమె మొదటి ప్రశ్న. అండి అనడం రాని పిల్లకు అది మాత్రం ఎలా వచ్చిందన్నది రెండో ప్రశ్న. మొదటిదానికి ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను కాని, రెండోది వారం రోజులుగా నన్ను వదలడం లేదు.

మేముండే సింగపూర్ బడుల్లో మాతృభాష కింద హిందీ, తమిళం, బెంగాలీ, ఉర్దూ వంటివి ఉన్నాయి, తెలుగు లేదు. అందుచేత మా అమ్మాయి మా వంశంలో ఏ తల్లీ మాట్లాడని హిందీలో మాతృభాష పరీక్ష రాస్తుంది. తెలుగు భారమంతా నా నెత్తిన పడింది; నేను దాన్ని పిల్ల నెత్తిన పెట్టాను. ప్రతి ఆదివారం ఫోను చేతికిచ్చే ముందు "నాన్నమ్మతో అండి అను" అని గుర్తు చేయడం, ఆమె ఆ మాట అనవలసి వస్తుందేమోనని వాక్యాలనే కుదించుకుని ఊఁ, ఆఁ అంటూ గడిపేయడం అయిదేళ్ళుగా జరుగుతున్నది.

జూన్ సెలవులకు ఫిలిప్పీన్స్ ఎంచుకోవడానికి అసలు కారణం చౌక. ఇంట్లో మాత్రం కారణం సంస్కృతి అని చెప్పాను. లుజాన్ దీవి ఉత్తరాన, కొర్డిలేరా కొండల్లో ఇఫుగావ్ ప్రజలు కొండవాలును మెట్లు మెట్లుగా చెక్కి వరి పండిస్తారని, ఆ పొలాలను యునెస్కో 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిందని, రైతు బిడ్డగా మా అమ్మాయి చూసి తీరాలని చెప్పాను. "మళ్ళీ పొలాలేనా? డిసెంబరులో మీ ఊళ్ళో చూశాం కదా" అన్నది. "మీ ఊరు" అన్న మాట గుచ్చుకున్నది కాని, అప్పటికే విమానం టికెట్లు కొన్నాను, పైగా వాటికి డబ్బు వాపసు లేదు.

మనీలా నుండి ఆ పొలాలున్న బనావెకు రాత్రంతా బస్సు ప్రయాణం. బస్సు బయలుదేరే పేట పేరు సంపాలోక్, అంటే చింత అని మా ఆవిడ ఫోనులో చదివి చెప్పింది. ఆ వేడి దేశంలో బస్సు లోపల ఏసీ మాత్రం మంచు కురిపించింది. దుప్పట్లు తెచ్చుకుందామని మా ఆవిడ అన్నప్పుడు సామాను బరువుకు విడిగా డబ్బు కట్టాలని నేనే వద్దన్నాను కనుక, ఆ రాత్రి నేను చలిగా ఉన్నట్టు కనపడకుండా కూర్చోవలసి వచ్చింది. మా అమ్మాయి నిద్రపోక వెనుక సీట్లో వాళ్ళ మాటలు వింటూ కూర్చున్నది. కండక్టరును అందరూ "కూయా" అంటున్నారు, అంటే అన్న. అరటిపండ్లు అమ్మే ఆమెను "ఆతె" అంటున్నారు, అంటే అక్క. ప్రతి రెండో వాక్యం చివర పో. తెల్లవారి బస్సు దిగుతూ మా అమ్మాయి కండక్టరుతో "సలామత్ పో" అన్నది. తరువాత నా వైపు తిరిగి, "చూశావా నాన్నా, థాంక్స్ చెప్పి పొమ్మన్నాను" అని పడీ పడీ నవ్వింది. మా ఇంట్లో తెలుగు మాట మీద ఆమె నవ్వడం అదే మొదటిసారి.

బనావె నుండి జీప్నీలో, అంటే జీపులాంటి చిన్న బస్సులో, కొంత దూరం పోయి, అక్కడి నుండి నడిచి బటద్ ఊరు చేరాము. కొండ మలుపు తిరగగానే నాటకశాల మెట్లలాగా పొలాలు ఒకదాని మీద ఒకటిగా మూడు వైపులా లేచి కనిపిస్తాయి. అక్కడి గట్లు రాతి గట్లు, మనిషి ఎత్తుకు మించినవి కూడా ఉన్నాయి. వాటి అంచు మీద జానెడు దారిలో నడవాలి. పైన అడవి, దాని నుండి నీరు ఒక మడి నుండి ఇంకో మడికి దిగుతుంది. ఏడాదికి ఒకే పంట తీసే ఆ పాతరకం వరిని తినవోన్ అంటారు. కోతకు ఇంకా కొన్ని వారాలున్నది. గట్టు మీద నడవడం పొలం పిల్లవాడికి నేర్పాలా అనుకుంటూ ముందు నడిచినవాణ్ణి నేనే, మడిలో మోకాలి లోతున దిగినవాణ్ణీ నేనే.

తడిసిన పంట్లాంతోనే నేను నా ఉపన్యాసం అందుకున్నాను. ఈ గట్లు రెండు వేల ఏళ్ళ నాటివని, అప్పటి నుండి తరతరాలుగా పిల్లలు పెద్దల మాట విన్నారు కనుకనే ఇవి నిలిచాయని అన్నాను. ఆ రాత్రి మా అమ్మాయి ఫోనులో వెతికి, పురావస్తు శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ అకబాదో బృందం ఇఫుగావ్ ప్రాంతంలోనే ఉన్న కియాంగన్‌లో తవ్వి చూసిన దాని ప్రకారం ఇక్కడ వరిమడులు నాలుగు వందల ఏళ్ళ నాటివేనని, స్పెయిన్ వాళ్ళు వచ్చాక వెనక్కు తగ్గి కొండల్లో నిలబడినవారు వరిని పట్టుకున్నారని, అంతకు ముందు చామదుంపలు పండించేవారని చదివి వినిపించింది. "నువ్వు ఎప్పటినుంచో అంటే ఎప్పటినుంచి, నాన్నా?" అన్నది. మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నవని నేను ఆమెకు చెప్పిన ఆచారాలు ఒక్కొక్కటే గుర్తుకు వచ్చి, వాటిలో మూడో నాలుగో మా అమ్మ టీవీ చూసి మొదలుపెట్టినవని తట్టి, పడుకోమన్నాను.

మేము దిగిన ఇంటి పెద్దావిడ పళ్ళు, పెదవులు ఎర్రగా ఉండటం చూసి పిల్ల మొదట జడిసింది. అది మోమా, అంటే వక్క, ఆకు, సున్నం కలిపి నమలడం. అచ్చంగా మన తాంబూలమే. పెళ్ళిలో, పేరంటంలో, శుభకార్యానికి పిలవడంలో తాంబూలం ఎంత ముఖ్యమో నేను వివరిస్తూ ఉండగానే ఆ పెద్దావిడ తన సంచి విప్పి ఒక వక్క ముక్క నా వైపు చాపింది. నేను ఆమె గోళ్ళ వైపు చూసి, కడుపు బాగాలేదని సైగ చేశాను. మా ఆవిడ చేయి చాపి తీసుకుని నమిలింది. పిల్ల ఇద్దరినీ చూసింది.

ఆ పెద్దావిడ తన ఆయంగన్ భాషలో ఏదో అడిగితే, ఆమె మనుమడు తగలోగ్‌లో జవాబిస్తున్నాడు. కోతల వేళ ఆడవాళ్ళు పాడే హుద్‌హుద్ గానాన్ని యునెస్కో 2001లో గుర్తించింది. మీకు వచ్చా అని అడిగితే కొంత వచ్చని, ఇప్పుడు బడిలో పిల్లలకు నేర్పుతున్నారని ఆవిడ కూతురు చెప్పింది. ఇక్కడా ఇదే గొడవ అన్నమాట అని నాకు ఎంతో హాయిగా అనిపించింది. ఇంకొకరి నాన్నమ్మ బాధ చూసి హాయి పడినందుకు కొంచెం తరువాత సిగ్గు వేసింది. మా ఊళ్ళో నాట్లు వేస్తూ పాడిన పాటల్లో నాకు రెండు పంక్తులే వచ్చు, రెండెకరాలూ కౌలుకిచ్చి పదేళ్ళయింది.

తిరుగు ప్రయాణం రోజున వాన. మా పెద్ద పెట్టెను పైదాకా మోసిన మనిషి, నాకంటే పదేళ్ళు పెద్దవాడు, ఒప్పుకున్న డబ్బు మీద వాన వల్ల ఇంకో నలభై పెసోలు ఇప్పించమన్నాడు. మాట అంటే మాటే అన్నాను. పర్సులో రెండు ఇరవై పెసోల నోట్లు నా వేళ్ళ మధ్యే ఉన్నాయి; ఆ నోటు వెనుక అచ్చువేసింది ఆ బనావె పొలాల బొమ్మే. నలభై పెసోలు మాకు ఒక డాలరు కూడా కాదు. ఆయన చెమటో వానో ముఖం తుడుచుకుని, నవ్వి, "సిగే పో, సర్" అన్నాడు. సరేనండి అని అర్థం. మా ఆవిడ నా పక్కనుండి మెల్లగా, "సిగ్గే పో అంటున్నాడు, విన్నారా?" అన్నది. పిల్ల ఆయన దగ్గరకు వెళ్ళి "సలామత్ పో, కూయా" అని, తన బిస్కెట్ పొట్లం ఆయన చేతిలో పెట్టింది. నేను జీప్నీ వచ్చిందేమోనని రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను.

పిల్లలకు భాష నేర్పాలంటే ఆ భాష వినిపించే చోటికి తీసుకువెళ్ళండి అని మిత్రులకు చెబుతూ ఉంటాను. నాలుగు రోజుల్లో పో వచ్చింది కనుక సలహా సరైనదే కావచ్చు. ప్రతి డిసెంబరులో మా ఊరు తీసుకువెళుతున్నా అండి ఎందుకు రాలేదో ఆ సలహా చెప్పదు. అందుకే ఆదివారం రాత్రి, మా అమ్మ ఫోను పెట్టేశాక, కోపం లేకుండా అడగాలని రెండుసార్లు మనసులో అనుకుని, పిల్ల గది తలుపు దగ్గర నిలబడి అడిగాను: ముక్కూ మొహం తెలియని వాళ్ళతో పో అన్నావే, నాన్నమ్మతో అండి అనడానికి ఏమయింది?

ఆమె పుస్తకంలోనుండి తల ఎత్తకుండా, "అక్కడ అందరూ అందరితో అంటారు" అన్నది. "ఇక్కడ నువ్వు నాన్నమ్మని నువ్వు అంటావు. అమ్మ నీతో అండి అంటుంది, నువ్వు అమ్మతో అనవు. అది నాకొక్కదానికే హోంవర్క్."

అమ్మను నువ్వు అనడం చనువని, మన ఇళ్ళలో అంతేనని చెప్పడానికి నోరు తెరిచాను. చనువైతే పిల్ల మాత్రం నాన్నమ్మను నువ్వు అని ఎందుకు అనకూడదో, మా ఆవిడ నాతో అండి అనడంలో చనువు ఏ వైపు ఉన్నదో నాకే స్పష్టంగా లేదు. మరునాడు మా ఆవిడను "కాఫీ ఇస్తారా అండి" అని అడిగి చూశాను. ఒంట్లో బాగాలేదా అని నుదుటి మీద చేయి వేసి చూసింది.

మిగిలిన పెసోలు మార్చుకుందామని నిన్న డబ్బు మార్చే దుకాణానికి వెళ్ళాను. పెద్ద నోట్లు తీసుకుని, ఆ రెండు ఇరవైలూ చిన్నవని అతను కిటికీ కిందనుండి వెనక్కు తోశాడు.