గోదాము నిండినా లారీలు ఆగలేదు

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. పదహారేళ్లుగా కుర్చీ పనే. నిరుడు భుజం నొప్పికని వెళ్తే డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది. ఎర్ర రక్తకణాలకు అంటుకున్న చక్కెరను బట్టి రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7.4 శాతం వచ్చింది. 6.5 నుంచి షుగర్ కిందే లెక్కట. నడుము 102 సెంటీమీటర్లు, మన మగవాళ్లకు 90 దాటకూడదు. స్కానింగులో కాలేయానికి కొవ్వు కూడా.

"స్వీట్లు ముట్టను కదమ్మా" అన్నాను.

ఆమె మిల్లు భాషలోనే చెప్పింది. "మీ గోదాము నిండింది. అయినా లారీలు వస్తూనే ఉన్నాయి. కణాలు సరుకు దించుకోనంటున్నాయి, చక్కెరంతా రక్తంలోనే నిలిచిపోతోంది."

కణం ఖర్చుపెట్టే శక్తి పేరు ఏటీపీ. అది తగ్గి, ఖర్చయ్యాక మిగిలే ఏఎంపీ పెరిగితే, ఏఎంపీకే అనే ఎంజైము స్టాకు చూసే గుమాస్తాలా లేస్తుంది. కొత్త కొవ్వు తయారీ ఆపించి, ఉన్నదాన్ని కాల్పిస్తుంది. నా ఒంట్లో ఆ గుమాస్తాకు లేచే అవసరమే పెద్దగా పడలేదు. అతనూ నాలాగే!

మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర మొదలుపెట్టాను. కాలేయం వదిలే చక్కెరను అది తగ్గిస్తుంది. పది రోజులు కడుపు గడబిడ, తర్వాత సర్దుకుంది.

నేను తప్పు చేసింది తిండి దగ్గర. అన్నం మానేసి జొన్న రొట్టెలు మొదలుపెట్టాను. మా నాయన జన్మంతా జొన్న గట్కే తిన్నాడు, షుగర్ ఎరుగడు, ఇదీ నా ధీమా. పూటకు నాలుగు లాగించాను. రెండు గంటలకు మీటరు 236 చూపించింది. జొన్నలోనూ ఉండేది పిండిపదార్థమే. నాయన పొద్దంతా నాగలి వెనక నడిచిన సంగతి నేను లెక్కలో రాసుకోలేదు.

రెండు రొట్టెలకు తగ్గాను. పప్పు, తోటకూర, గుడ్డు పెంచాను. తినగానే మిల్లు ఆవరణలో పదిహేను నిమిషాల నడక. పనిచేసే కండరం ఇన్సులిన్‌తో పని లేకుండానే చక్కెరను లాక్కుంటుందంటే నమ్మలేదు. అదే భోజనం తిని కూర్చున్న రోజు 198, నడిచిన రోజు 161. రెండుసార్లు చూశాక నమ్మాను. హమాలీలకు మాత్రం నవ్వులాట: "సార్, ఉత్తగ తిరుగుడెందుకు, ఒక బస్తా ఎత్తుండ్రి!"

ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, అందుకే మూడు నెలలు ఆగి మళ్లీ పరీక్ష. 6.7. బరువు ఐదు కిలోలు తగ్గింది. ఇక మాత్ర ఆపొచ్చా అని అడిగాను. డాక్టరమ్మ జవాబు చెప్పకుండా టేపు తీసింది. నడుము ఇంకా 97.